తొమ్మిది ఖాళీ చదరాలు

మా ఆఫీసులో ఎవరి వీడ్కోలు సభ జరిగినా ఒక కథ తప్పకుండా చెబుతారు. ఉప్పల్‌లో గీసిన పటం వల్ల సముద్రాల అవతల ఒక సరిహద్దులో యుద్ధం ఆగిందట. అక్కడి శాంతి దళం గడువు అయిపోయి, ఇక మూటాముల్లె సర్దుకోవాల్సిందే అనుకుంటుంటే, మన పటం దేశాల సభ ముందుకు వెళ్లిందట. రెండు పక్షాల వాళ్లూ నోరు మూసుకున్నారట. గడువు ఇంకో ఆరు నెలలు పెరిగిందట. నా వీడ్కోలు రోజున కూడా ఇదే చెప్పి, "ఆ పటం గీసిన చెయ్యి ఇదే" అంటూ నా చెయ్యి పట్టుకుని, కుస్తీ గెలిచినవాడిది ఎత్తినట్టు పైకెత్తారు. నేను లాక్కున్నాను. వయసు మీద పడి చాదస్తం వచ్చిందనుకుని ఉంటారు. నాకింకా యాభై కూడా నిండలేదు. కళ్లు దెబ్బతిని ముందుగా మానేశాను, అంతే.

గడువు పెరిగిన మాట నిజం. పటం నాదే, అదీ నిజం. ఆ పటం మీద నేను ఏం గీస్తే గడువు పెరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. తొమ్మిది ఇళ్లలో మనుషులు లేరని గీశాను. ఉన్నారని ముప్పాతిక వంతు నమ్ముతూనే గీశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు తెలుసుకోవాల్సింది అదే. ప్రమోషన్లు ఎలా వస్తాయో చెప్పడానికి యూనియన్ వాళ్లున్నారు.

చెయ్యి మారకూడదు

ఉప్పల్ రోడ్డు మీద ఒక అద్దె మేడలో ఉండేది మా పటాల ఆఫీసు. అంబర్‌పేట నుంచి వచ్చి బస్సు దిగితే ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క బండరాళ్లు. భూగోళశాస్త్రంలో డిగ్రీ పట్టుకుని నేను చేరేనాటికి ఆ మేడలో ఆడవాళ్లకు విడిగా ఒక గది కూడా లేదు. ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మన్.

"నన్ను కూడా మన్ అనే అంటారా?" అని మొదటిరోజే అడిగాను.

"చెయ్యి వణక్కపోతే ఏమన్నా ఒకటేనమ్మా వైదేహీ" అన్నారు మా సెక్షన్ హెడ్ మార్కండేయులు గారు.

ఆయనది కాకినాడ. మాట మెత్తన, నియమం రాయి. పని అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సర్వేయరు నేల మీద తిరిగి, చూసిందంతా పెన్సిలుతో కాగితం మీద పెట్టి పంపుతాడు. మేం ఆ కాగితాన్ని గాజు బల్ల మీద పరిచి, బల్ల కింద దీపం వేసి, పైన పల్చటి ఫిల్ము కప్పి, కింద కనబడే ప్రతి గుర్తునూ ఇంకుతో ఎత్తిరాస్తాం. "చూసినవాడు వేరు, గీసేవాడు వేరు. గీసేవాడికి కళ్లుండాలి గానీ అభిప్రాయాలు ఉండకూడదు" అనేవారు. నాకు పుట్టుకతోనే అభిప్రాయాలు ఎక్కువ. అందుకే ఆయనతో పదిహేనేళ్లు పోట్లాడాను. ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా పని చేయాలని మాత్రం అనుకోలేదు.

ఆ శాంతి దళంలో మన సైనికులు కొందరు వెళ్లారు. వాళ్లతో మన సర్వేయర్లూ వెళ్లారు. కాల్పులు ఆగినచోట గీత గీసి, దానికి అటూ ఇటూ కాస్త నేల ఎవరిదీ కాకుండా వదిలి, ఆ నేల మీద దళం కాపలా కాయాలి. మొదటి పటం మా ఆఫీసులో నా చేత గీయించారు. రెండు పక్షాలూ దాని మీద సంతకం పెట్టాయి. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్లిద్దరూ కలిసి ఒప్పుకున్నది ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క కాగితాన్నే. ఇక ఆరు నెలలకోసారి గడువు పొడిగించేటప్పుడల్లా కొత్త పటం కావాలి, దాన్ని అదే చెయ్యి గీయాలి. చెయ్యి మారితే గీత మందం మారుతుంది, మందం మారితే వాళ్ల లెక్కలో నేల మారినట్టే.

అలా ఏడాదికి రెండుసార్లు సీలు వేసిన రేకు గొట్టం ఒకటి నా బల్ల మీదికి వచ్చేది. అది వచ్చే నెలల్లో నాకు సెలవు లేదు. నా పెళ్లి ముహూర్తం కూడా దాన్ని చూసే పెట్టారు. మా అత్తగారు ఆ గొట్టాన్ని "నీ పెద్ద మొగుడు" అనేది.

పేరు రాయకూడని ఊరు

ఆ ఎవరిదీ కాని నేల మీద, ఒక రాతి గుట్ట కింద, తొమ్మిది ఇళ్ల ఊరు ఒకటుంది. ఒక పక్షం దాన్ని ఒక పేరుతో పిలుస్తుంది, రెండో పక్షం ఇంకో పేరుతో. ఏ పేరు రాసినా గొడవే కాబట్టి పటం మీద పేరు లేదు. ఇళ్లు మాత్రం గీయాలి. మనుషులు ఉండే ఇంటికి నల్లగా నింపిన చిన్న చదరం. ఎవరూ లేని ఇంటికి ఖాళీ చదరం. నల్ల చదరాలున్న ప్రతిచోటా దళం ఒక కాపలా పోస్టు ఉంచుతుంది. ఖాళీ అయితే పోస్టు అక్కర్లేదు.

ఆ భాగం కొలిచి పంపేవాడు యాదగిరి అని మా సర్వేయరే. ఊరు నాచారం. దళం జీపులతో పాటు ఆ ఊరికి వెళ్లి, చూసింది రాసేవాడు. అక్కడి నియమం ప్రకారం దళం వాళ్లు ఇళ్లలోకి వెళ్లకూడదు, తలుపు ముట్టకూడదు. వాకిట్లో నిలబడి కనబడినంత చూసి రావాలి. మొదటిసారి ఇలా రాశాడు: "ఇళ్లు తొమ్మిది. మనుషులు కనబడలేదు. వాకిట్లో పొయ్యిలు వెచ్చగా ఉన్నాయి."

ఆరు నెలల తర్వాత: "మనుషులు కనబడలేదు. దండెం మీద బట్టలు. తడి ఆరలేదు."

ఇంకో ఆరు నెలలకు: "మనుషులు కనబడలేదు. పళ్లెంలో పిండి కలిపి ఉంది. ముద్ద మీద వేళ్ల అచ్చులు."

ఈ మూడుసార్లూ మార్కండేయులు గారు "సందేహం ఉంటే పాతదే ఉంచు" అన్నారు. మొదటి పటంలో ఉన్నట్టే తొమ్మిదింటినీ నల్లగానే నింపాను. నిజం చెప్పొద్దూ, ఆ మూడో కాగితం కింద దీపం వెలుగుతుంటే కలం పక్కన పెట్టి మళ్లీ చదివాను. పట్టపగలు, పక్క బల్లల మీద పదిమంది, ఎవరో రేడియోలో క్రికెట్టు వింటున్నారు. నా కాగితంలో మాత్రం ఎవరో పిండి కలుపుతూ కలుపుతూ లేచి వెళ్లిపోయారు.

నాలుగోసారి యాదగిరి సెలవు మీద వస్తూ ఫీల్డు పుస్తకం తనే తెచ్చాడు. అందులో ఉంది: "మనుషులు కనబడలేదు. పందిరికి ఉయ్యాల. ఊగుతోంది. గాలి లేదు."

ఉయ్యాలకు గుర్తు లేదు

అదే వారం పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి గడువు పెరగడం అనుమానమే. సైనికులను పంపే దేశాలు విసిగిపోయాయి, పోస్టులు తగ్గించమంటున్నాయి. ఒక పక్షం అయితే, లేని జనాన్ని పటం మీద చూపించి దళం కాలం గడుపుతోందని సభలోనే అనేసింది. కాబట్టి కళ్లతో మనిషిని చూసిన ఇళ్లనే నల్లగా నింపాలి. ఒక్క చదరం తప్పని తేలినా ఆ పక్షం పటాన్నే ఒప్పుకోదు. పటం లేకపోతే పొడిగింపు లేదు.

యాదగిరి నా బల్ల ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మనుషులున్నరక్కా. నేను జెప్తున్న గద" అన్నాడు.

"చూశావా?"

"సూడలే."

"ఒక్కర్నయినా? పోనీ వీపయినా? కాలి మడమైనా?"

"లే. గని ఉయ్యాల ఎవలు ఊపిన్రు మరి? నేను ఊపిన్నా?"

మార్కండేయులు గారు పుస్తకం తీసుకుని చదివి మూసేశారు. "చూడు యాదగిరీ, గుడికి గుర్తుంది, బావికి ఉంది, శ్మశానానికి కూడా ఉంది. ఉయ్యాలకి లేదయ్యా."

"పిల్లగాడు లేంది ఉయ్యాల ఊగుతదా సార్?"

"నువ్వు పిల్లాణ్ణి చూశానని రాయి. ఇప్పుడే నల్లగా నింపిస్తాను."

యాదగిరి రాయలేదు. అతను అబద్ధం రాయగలిగినవాడైతే ఈ కథ ఇక్కడితో సుఖంగా ముగిసేది. నా వైపు తిరిగి, "ఆదివారం జర నాచారం రా అక్కా. ఒకటి సూపిస్త" అన్నాడు.

సుత్తెలు ఆగిన చోటు

నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీల షెడ్లు లేస్తున్నాయి. వాటి వెనక రాతి గనులు. ఆదివారం పదకొండు గంటలకు, నెత్తి మాడే ఎండలో, మేమిద్దరం గుంతల మధ్య నడిచి వెళ్లాం. రాళ్లు కొట్టే సుత్తెల చప్పుడు దూరం నుంచే వినబడుతోంది. ఐదారు సుత్తెలుంటాయి. నా చేతిలో అలవాటు కొద్దీ ఒక పటం మడత ఉంది. మేం మిట్ట ఎక్కగానే చప్పుడు ఆగిపోయింది. ఒకటొకటిగా కాదు, అన్నీ ఒక్కసారే.

మిట్ట దిగువన అరడజను గుడిసెలు. ఒక పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. రోట్లో సగం నూరిన మిరపకాయలు. గుమ్మంలో దువ్వెన, దాని పళ్లలో పొడవాటి వెంట్రుకలు. మనిషి లేడు. కుక్క కూడా మొరగలేదు.

"ఎవరండీ?" అని పిలిచాను. బండలు నా మాటే నాకు తిరిగి ఇచ్చాయి. మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టనిపించి గిర్రున తిరిగాను. ఎవరూ లేరు. యాదగిరి నవ్వుతున్నాడు.

"చేతిల కాగితం పట్టుకొని వస్తివి. కాగితం సూసినంక ఎవలుంటరక్కా?"

"ఎక్కడున్నారు వీళ్లంతా?"

"నిన్నే సూస్తున్నరు."

తను పుట్టింది ఆ గుడిసెల్లోనే అని అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు నేల కొలిచే గొలుసులు పట్టుకుని సర్వే వాళ్లు వస్తే, వాళ్లమ్మ అతణ్ణి గనిలోకి దింపి, అరచేత్తో నోరు మూసి పట్టుకునేదట. వాళ్లు చుట్టూ తిరిగి, ఎవరూ లేరని రాసుకుని పోయేవాళ్లు. కొన్నాళ్లకు ఇంకెవరో వచ్చి గోడలు కూల్చేవాళ్లు.

"గట్ల రాసుకపోయింది మన ఆఫీసోళ్లే" అన్నాడు. "గాడ గూడ గంతే. దళపోళ్లు పొద్దుగాల పదింటికి, జీపుల మీద, జెండ కట్టుకొని వస్తరు. మైలు దూరంకెల్లి దుమ్ము కనవడ్తది. ఏ తల్లి ఆడ కూసుంటది?"

"వాళ్లను కాపాడ్డానికే కదయ్యా మీరు పోయేది!"

"గా ముచ్చట వాళ్లకు ఎవలు జెప్పిన్రు?"

తిరిగి మిట్ట ఎక్కుతుంటే వెనక సుత్తెలు మొదలయ్యాయి. నేను ఆగి, తల తిప్పాను. ఆగిపోయాయి. అడుగు వేశాను. మొదలయ్యాయి. ఆ మిట్ట దాటేవరకూ ఇక నేను తల తిప్పలేదు.

పాత పటం

సోమవారం పొద్దున్నే వెళ్లి నాచారం పాత పటం బీరువాలోంచి తీయించాను. గనుల పక్కన ఏడు ఖాళీ చదరాలు. మూలన, గీసినవాళ్లు పెట్టే పొట్టి సంతకం. భూతద్దం అక్కర్లేకుండానే గుర్తుపట్టాను. తీసుకెళ్లి మార్కండేయులు గారి ముందు పరిచాను.

"ఇది మీ చెయ్యేనా?"

"నాదే."

"ఆ గుడిసెల్లో యాదగిరి ఉన్నాడు సార్. వాళ్లమ్మ నోరు మూసి పట్టుకుంటే గనిలో కూర్చున్నాడు."

ఆయన పటాన్ని తన వైపు తిప్పుకున్నారు. "ఎవరూ లేరని రాసి పంపారమ్మా. గీశాను."

"ఇప్పుడైతే?"

"ఇప్పుడూ అదే గీస్తాను. నువ్వు పొయ్యి వెచ్చగా ఉందని మనిషిని గీస్తావు. రేపు ఇంకొకడు పొగ కనబడిందని సైన్యాన్ని గీస్తాడు. అప్పుడు దాని మీద ఫిరంగులు పేలతాయి. ఆపగలవా?"

ఆయన మాటలో న్యాయం ఉంది, ఇప్పటికీ ఉందనే అంటాను. ఆయన్ని గుండె లేని మనిషిగా చెప్పుకునేవాళ్లు పక్కన కూర్చుని పని చేసినవాళ్లు కాదు.

కానీ నిర్ణయం ఆయనది కాదు, నాది. చెయ్యి నాది. నేను కలం కింద పెట్టేసి ఉంటే ఆ పటం ఇంకెవరూ గీయడానికి వీల్లేదు. నల్లగా నింపితే, ఆ పక్షం పటాన్ని తోసేస్తే, గీత పొడవునా ఉన్న ఊళ్లన్నింటి నుంచీ దళం లేచిపోతుంది. ఖాళీగా వదిలితే తొమ్మిది ఇళ్ల మీది కాపలా పోతుంది. ఎవరైనా ఇదే లెక్క వేస్తారు, నేనూ వేశాను. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నియమం తెలిసినదాన్నన్న గర్వం నాకుంది. ఆడది కాబట్టి ఉయ్యాల చూసి కరిగిపోయిందని ఆ గదిలో ఎవరూ అనకూడదనే పట్టుదల ఉంది. లెక్కలో అది ఎంత వంతో ఇప్పుడు విడదీయలేను.

నల్ల చదరం ఒక్క చుక్క ఇంకుతో అయిపోతుంది. ఖాళీ చదరానికి నాలుగు గీతలు కావాలి, మూలలు కలవాలి, లోపలికి ఇంకు చిమ్మకూడదు. తొమ్మిదింటికీ గీసేసరికి మధ్యాహ్నం అయింది. యాదగిరి కిటికీ దగ్గర నిలబడి మొత్తం చూశాడు. టీ తెప్పిస్తే ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

గడువు పెరిగింది. ఆఫీసులో లడ్డూలు పంచారు. ఆ ఊరి పోస్టు ఎత్తేశారు. యాదగిరి మళ్లీ అక్కడికే పంపమని అర్జీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మోకాలి ఎత్తున

తర్వాతి రేకు గొట్టంలో ఫీల్డు కాగితంతో పాటు నా పేర ఒక చీటీ ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అక్కా, పోస్టు కాడ ఇసుక మూటలు తప్ప ఏం లేవు. ఊరికి నేను జీపు దిగి నడిచే పోయిన. తొమ్మిది ఇండ్లు ఉన్నయి. తలుపులు ఏసున్నయి. పొయ్యిలు సల్లగున్నయి, బూడిద ఎత్తి ఊడ్చిన్రు. కుండలు బోర్లిచ్చిన్రు. ఒక్కటి పగలలే. నెత్తురు లేదు. ఉయ్యాల ఇప్పుకపోయిన్రు, తాడు గుర్తు పందిరికి ఉంది. గని ప్రతి తలుపు మీద సున్నంతోని చదరం గీసి ఉంది. నడుమ ఖాళీ. నువ్వు గీసినట్టే, మూలలు కలిసినయి. నా మోకాలి కాడికి ఉన్నయి గా గుర్తులు. ఎందుకో సమజ్ గాలే. తలుపు ముట్టెటందుకు హుకుం లేదు, ముట్టలే."

చదివి, రెండోసారి చదివి, మార్కండేయులు గారికి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పటం ప్రతులు రెండు సైన్యాలకూ ఇచ్చారు కదా" అన్నారు. "ఇల్లు సోదా చేసినవాళ్లు గుర్తు పెట్టుకుంటారు. కాల్పులకు భయపడి వంగి పాకుతూ గీస్తే మోకాలి ఎత్తునే పడుతుంది."

"సోదా చేసి ఏం చేశారు సార్, లోపల ఉన్నవాళ్లను?"

"నాకేం తెలుసు వైదేహీ." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఏం గీద్దాం?" అన్నారు. పదిహేనేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

నియమం ప్రకారమే గీశాను. తొమ్మిది ఖాళీ చదరాలు. పక్కన పెన్సిలుతో "తలుపుల మీద గుర్తులు ఉన్నవి" అని రాశాను. అచ్చులో ఆ మాట లేదు. పై ఆఫీసులో చెరిపేశారు.

యాదగిరి తిరిగి వచ్చాక మార్కండేయులు గారి మాట చెబితే కొట్టిపారేశాడు.

"సిపాయిలు గాదక్కా. లోపలోళ్లే గీసుకున్నరు. కూసొని గీస్తే గంతే ఎత్తుల వస్తది. ఎవలు లేరని గుర్తుంటే ఎవలూ రారు గద!"

"మన గుర్తు వాళ్లకెలా తెలుస్తుంది?"

"మా అమ్మకెట్ల తెల్సె? సర్వేటోళ్లు సూసిన గుడిసెకు సున్నం గీత పెడ్తుండె. మల్ల కొత్త గుడిసె ఏసుకుంటే మా అమ్మనే గా గీత పెట్టుకుంటుండె. రెండేండ్లు ఎవడూ రాలే."

"మరి పొయ్యిలు చల్లారాయి కదా యాదగిరీ."



కొత్తగా వచ్చేవాళ్లకు

మీ బల్ల మీదికి ఫీల్డు కాగితం వచ్చి, అందులో "మనుషులు కనబడలేదు" అని ఉంటే, రాసినవాణ్ణి పిలిచి అడగండి. ఎన్ని గంటలకు వెళ్లావు? ఏం వేసుకుని వెళ్లావు? దేని మీద వెళ్లావు? నేను యాదగిరిని ఈ మూడూ మొదటి కాగితం వచ్చిననాడే అడిగి ఉంటే, తెల్లవారుజామునో సాయంత్రమో, జెండా లేకుండా ఒక్కడే నడిచి వెళ్లమని రాయించేదాన్ని. మూడు పొడిగింపుల కాలం చేతిలో ఉంది. నా తప్పు ఆ చదరాలను ఖాళీగా గీసిననాడు జరగలేదు, అంతకు ముందు ఏడాదిన్నర అడగకుండా కూర్చోవడంలో జరిగింది. సగం నింపిన చదరం ఒకటి కొత్త గుర్తుగా పెట్టమని తర్వాత చాలా ఏళ్లు పోరాడాను. పెట్టలేదు. మీరు పోరాడండి.

ఆ తర్వాత కూడా గడువు పెరుగుతూనే వచ్చింది. ప్రతిసారీ అవే తొమ్మిది ఖాళీ చదరాలు గీశాను. కొన్నేళ్లకు మన దళం వచ్చేసింది, ఆ పని వేరే దేశానికి పోయింది. మార్కండేయులు గారు పోయారు. యాదగిరి ఇప్పుడు నాగారంలో ఉంటాడు. మేం కలిసినప్పుడల్లా దీని మీదే కొట్లాట. ఒకనాడు అతను సిపాయిలే అంటాడు, నేను లోపలివాళ్లే అంటాను. ఇంకోనాడు అటూ ఇటూ మారిపోతాం. ఇద్దరిలో ఎవరికి ఏ రోజు నిద్ర కావాలో దాన్ని బట్టి.

ఆ సరిహద్దుకు వెళ్లిన సైనికులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఆ గుట్ట కింద నడిచి ఉంటే నాకు ఒక్క మాట చెప్పాలి. ఆ తొమ్మిది తలుపుల మీద సున్నం పెట్టింది లోపల ఉన్నవాళ్లా, బయటి నుంచి వచ్చినవాళ్లా?